డోర్ లాక్డ్ అని రాసిన కవరు

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చిన మర్నాడు సాయంత్రం, మా పై అంతస్తు అబ్బాయి తలుపు తట్టాడు. మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంటు. కారిడార్లో నిలబడితే కన్నడం కన్నా తెలుగే ఎక్కువ వినబడుతుంది. నెల్లూరు, కడప, ఖమ్మం, ఎక్కడెక్కడి పిల్లలో ఉద్యోగాలకని వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టుకున్నారు. ఈ అబ్బాయిది రాయచోటి. మాది పుంగనూరు కాబట్టి, ఒక పక్కోళ్ళమే కదా అని నన్ను పెద్దమ్మా అంటాడు.

"పెద్దమ్మా, మీరు పోస్టాఫీసులో చేసినారు గదా. ఇది కొంచెం చూడండి" అని ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

కోర్టు సమన్లు. దానికి జతగా ఫిర్యాదు నకలు, చెక్కు జెరాక్సు, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, వకీలు పంపిన నోటీసు, అన్నిటికన్నా కింద ఒక కవరు జెరాక్సు, ముందు వైపూ వెనక వైపూ. ఇంకెవరైనా అయితే ముందు సమన్లు చదువుతారు. నేను కవరు వెనక వైపు చూశాను. 1986లో కౌంటర్లో చేరి 2022లో రిటైరయ్యేదాకా ముప్పై ఆరేళ్ళు ఆ వైపే చూసిన కళ్ళు ఇవి.

జెరాక్సులో మసకబారినా చదవగలిగాను. ఒక మూల తేదీ వేసి 'డోర్ లాక్డ్, ఇంటిమేషన్ ఇచ్చాను' అని పొట్టిగా ఇంగ్లీషు అక్షరాలు, కింద పోస్ట్‌మన్ పొట్టి సంతకం. మర్నాటి తేదీతో మళ్ళీ 'డోర్ లాక్డ్'. ఆ తర్వాత ఏడు రోజులకు ఇంకో చేతిరాత: 'అన్‌క్లెయిమ్డ్, పంపినవారికి వాపసు'. పక్కన గుండ్రటి తేదీ ముద్ర, సగం సిరాతో సగం వట్టిగా. బీట్ మీద, అంటే ఉత్తరాలు పంచే దారిలో నిలబడి, కవరును మోకాలికో గోడకో ఆనించి రాసే రాత అది. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అక్షరాలు కుడివైపుకి జారిపోతుంటాయి.

"నేను సంతకం పెట్టలేదు పెద్దమ్మా. తీసుకోనేలేదు. అంటే నాకు అందనట్టే గదా?"

ఈ మాట కోసమే ఈ పోస్టు రాస్తున్నాను. కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ ఇదే మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. చదువుకున్నవాళ్ళు, లక్షల జీతాలవాళ్ళు, వ్యాపారాలు చేసేవాళ్ళు, అందరిదీ ఒకటే నమ్మకం. ఉత్తరం తీసుకోకపోతే ఉత్తరం రానట్టేనని. అది నిజం కాదు. నూటపాతికేళ్ళకు పైగా మన దేశంలో అది నిజం కాదు.

ఆ అబ్బాయి సంగతి ఇదీ. చెల్లెలి పెళ్ళికి స్నేహితుడి దగ్గర మూడు లక్షలు చేబదులు తీసుకున్నాడు. భరోసాగా చెక్కు రాసిచ్చాడు. మధ్యలో ఉద్యోగం పోయింది, ఇంకోటి దొరికేసరికి నెలలు పట్టింది. విసిగిపోయిన ఆ స్నేహితుడు చెక్కు బ్యాంకులో వేశాడు. ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చింది. అప్పుడు వెనకటి ఆఫీసులో ఎవరో సలహా చెప్పారట, రిజిస్టర్ పోస్టు వస్తే తీసుకోవద్దు, తీసుకుంటేనే కేసు అని. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఇంటర్‌కమ్‌లో పిలిస్తే "ఇంట్లో లేనని చెప్పు" అన్నాడు. రెండు రోజులు అదే జరిగింది. ఉత్తరం వచ్చిందని పోస్ట్‌మన్ తలుపు సందులో పడేసిన ఇంటిమేషన్ చీటీని చూసి కూడా చెత్తబుట్టలో వేశాడు.

చెక్కు కేసుల లెక్క చెబుతాను. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు, చెక్కు తీసుకున్న మనిషి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లోపు చెక్కు ఇచ్చినవాడు డబ్బు కట్టేస్తే నేరమే లేదు. కట్టకపోతే, ఆ పదిహేను రోజులు దాటాక ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో సెక్షన్ 138 అంటే ఇదే. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదంటే చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదంటే రెండూ. అంటే నోటీసు నిన్ను ఇరికించడానికి వచ్చే కాగితం కాదు నాయనా, నీకు పదిహేను రోజుల గడువు మోసుకొచ్చే కాగితం. దాన్ని గేటు దగ్గరే వెనక్కి పంపేసి, గడువును కూడా వెనక్కి పంపేశాడు పిచ్చి పిల్లోడు.

మరి అందనిదాన్ని అందినట్టు ఎలా అంటారు అని అడిగాడు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 అలాగే అంటుంది. అడ్రసు సరిగ్గా రాసి, తపాలా ఖర్చు కట్టి, రిజిస్టర్ పోస్టులో పంపితే చాలు, మామూలుగా ఎన్ని రోజులకు చేరాలో అన్ని రోజులకు చేరినట్టే లెక్క. కాదు, చేరలేదు అని చూపించాల్సిన భారం ఉత్తరం అందుకోవాల్సినవాడిది. 1999లో కె. భాస్కరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ 'అన్‌క్లెయిమ్డ్' కవరు గురించే తేల్చింది. తీసుకుంటేనే అందినట్టు అంటే, మోసం చేసేవాడు రకరకాల ఎత్తులు వేసి నోటీసు తప్పించుకుంటాడు, చట్టం వాడికి బహుమతి ఇచ్చినట్టవుతుంది అన్న అర్థంలో చెప్పింది. ఆ తర్వాత 2007లో సి.సి. అలవి హాజీ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం అదే దారిని ఖాయం చేసింది.

అయితే ఆ 2007 తీర్పులోనే ఇంకో మాట ఉంది. మా మరిది కొడుకు వకీలు, వాడికి ఫోన్ చేస్తే అదే చెప్పాడు. నోటీసు నాకు అందలేదు అనేవాడు, కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లోపు చెక్కు డబ్బు కట్టేసి, ఆ సంగతి కోర్టుకు చెప్పుకుని ఫిర్యాదును కొట్టేయమని అడగవచ్చు. పదిహేను రోజుల్లో కూడా కట్టనివాడు ఇక నోటీసు అందలేదన్న వాదన ఎత్తడానికి వీల్లేదు. "ఎన్నో రోజు ఇది?" అన్నాను. సమన్లు వచ్చి అప్పటికి ఆరు రోజులు. పండగకని తాళం వేసి పోయి ఉంటే ఈ ఆరూ పన్నెండు అయ్యేవి.

రాయచోటిలో వాళ్ళ అన్నకు ఫోన్ చేశాడు. ఆయన మదనపల్లె మార్కెట్లో టమోటా అమ్మిన డబ్బు కొంత, ఇంట్లో బంగారం మీద తెచ్చింది కొంత సర్దాడు. పదకొండో రోజున డబ్బు స్నేహితుడి ఖాతాలో పడింది. మేయో హాల్ కోర్టుకు మా మరిది కొడుకే వెళ్ళాడు. స్నేహితుడు కూడా మొండికేయలేదు, వాడికి కావలసింది వాడి డబ్బు. ఈ లోపల ఆ అబ్బాయి భార్య నా దగ్గర కూర్చుని ఎంత ఏడ్చిందో. మొదటిరోజే ఆ కవరు తీసుకుని ఉంటే కోర్టు దాకా రాకుండానే మాట్లాడుకునేవాళ్ళు.

నాకు కోపం ఆ అబ్బాయి మీద కాదు, ఆ సలహా చెప్పినవాళ్ళ మీద.

కవరు వెనక రాసే ఆ రెండు మాటల గురించి కొంచెం చెప్పాలి. ఆఫీసులో వాటిని రిమార్కు అంటాం. ప్రతిదానికీ వేరే బరువు. 'రెఫ్యూజ్డ్' అంటే మనిషి ఉన్నాడు, తీసుకోనన్నాడు. 'డోర్ లాక్డ్' అంటే తలుపు వేసి ఉంది, చీటీ పెట్టి వచ్చాను, ఆఫీసులో ఏడు రోజులు ఉంచుతాం. ఏడు రోజులకీ రాకపోతే 'అన్‌క్లెయిమ్డ్'. 'లెఫ్ట్' అంటే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. 'ఇన్‌సఫిషియెంట్ అడ్రస్' అంటే అడ్రసు చాలదు. రెఫ్యూజ్డ్, అన్‌క్లెయిమ్డ్ అని వస్తే కోర్టు అందినట్టే చూస్తుంది. లెఫ్ట్ అనో అడ్రసు చాలదనో వస్తే అక్కడ వాదనకు చోటుంటుంది. అడ్రసు సరిగ్గా ఉండాలి అన్నదే మొదటి షరతు కాబట్టి.

ఈ తేడా తెలిసినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళే ఆఫీసుకు వచ్చేవాళ్ళు. నేను డెలివరీ విభాగంలో ఉన్నప్పుడు ఒకాయన, సఫారీ సూటులో, ఒక ముసలి పోస్ట్‌మన్‌ను పక్కకు పిలిచి జేబులో ఏదో పెట్టబోయాడు. 'లెఫ్ట్' అని రాయమని అడిగాడట. ఆ ముసలాయన అందరి ముందూ గట్టిగా, కన్నడంలో, "నేను మీ ఇంటికి వచ్చాను, మీ కుక్క నన్ను చూసి మొరిగింది, మీరు బాల్కనీలో ఉన్నారు. ఏం చూశానో అదే రాస్తాను" అన్నాడు. తలుపు తాళం అని కూడా రాయలేదు. 'రెఫ్యూజ్డ్' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి నా బల్ల మీద పెట్టాడు. ఆయన చదివింది ఏడో తరగతి. ఆ రోజుల్లో నెలకు ఎంత జీతమో నాకు తెలుసు. జేబులో పడబోయింది అందులో సగం ఉంటుంది.

ఆ రాతను నమ్మి కోర్టులు తీర్పులు ఇస్తున్నాయి. అందుకే దాని విలువ అంత.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ల సంగతికి వస్తాను. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇక్కడ తప్పించుకోవాలనుకోనివాళ్ళు కూడా ఇరుక్కుంటారు. పాత తపాలా చట్టం, 1898 నాటిది, సెక్షన్ 3లో ఒక మాట ఉండేది. ఉత్తరాన్ని మనిషికే ఇవ్వనక్కర్లేదు. ఇంటి దగ్గర ఇచ్చినా, పనివాడికి ఇచ్చినా, మామూలుగా ఆ ఇంటి ఉత్తరాలు ఎవరు తీసుకుంటారో వాళ్ళకు ఇచ్చినా, మనిషికి ఇచ్చినట్టే. నూటపాతిక ఇళ్ళున్న చోట మామూలుగా ఉత్తరాలు తీసుకునేది ఎవరు? గేటు దగ్గర కుర్రాడు. ఏ ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చినవాడు, పన్నెండు గంటల డ్యూటీ, కన్నడమూ రాదు తెలుగూ రాదు. వాడు సంతకం పెట్టాడంటే మీ గడువు మొదలైపోయిందని అవతలి వకీలు వాదిస్తాడు. మీకేమో అది ఏ పదో రోజుకో తెలుస్తుంది.

ఇది ఊహ కాదు. రెండేళ్ళ క్రితం మా గేటు గదిలో సొరుగు బిగుసుకుపోయి తెరుచుకోకపోతే నేను వెళ్ళి చూశాను. గట్టిగా లాగితే, వెనకాల ఇరుక్కుని ఒక ఇన్‌కమ్ టాక్స్ కవరు, రెండు బ్యాంకు కవర్లు, ఒక పెళ్ళి శుభలేఖ. శుభలేఖ మీద పసుపు ఇంకా అంటుకునే ఉంది, పెళ్ళి అయిపోయి నెలా పదిరోజులు. ఆ ఇంటి అమ్మాయి, మేనమామ కూతురి పెళ్ళికి పిలుపే రాలేదని పుట్టింటి మీద అలిగి కూర్చుంది.

అప్పటి నుంచి మా అసోసియేషన్ మీటింగులో పట్టుబట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. తేదీ, ఫ్లాటు నంబరు, కవరు మీది ట్రాకింగ్ నంబరు, ఎవరు తీసుకున్నారు, ఇంటివాళ్ళకు ఎప్పుడు ఇచ్చారు, సంతకం. సంతకం కావలసిన కవరైతే సెక్యూరిటీ తీసుకోకూడదు, ఇంటికి ఫోన్ చేయాలి, లేకపోతే పోస్ట్‌మన్ చీటీ పెట్టి వెళ్తాడు. మొదట్లో "ఇప్పుడు ఉత్తరాలు ఎవరికొస్తాయి ఆంటీ" అన్నారు. నిజమే, చుట్టాల ఉత్తరాలు రావు. ఇప్పుడొచ్చేవన్నీ గడువులున్న కాగితాలే. అందుకే చెబుతున్నాను.

అద్దె ఇళ్ళవాళ్ళకు ఇంకోటి. పదకొండు నెలల అగ్రిమెంటు, పన్నెండో నెలలో ఇంకో ఇల్లు. బెల్లందూరు నుంచి హూడికి, హూడి నుంచి కసవనహళ్ళికి. బ్యాంకులో మాత్రం నాలుగిళ్ళ కిందటి అడ్రసు. మీరు అవతలివాడికి ఇచ్చిన అడ్రసు అదే అయితే, మారిన సంగతి వాడికి చెప్పకపోతే, నోటీసు అక్కడికే పోతుంది. ఇల్లు మారిన వారంలోనే బ్యాంకుకూ, అప్పు ఇచ్చినవాళ్ళకూ, ఇన్సూరెన్సుకూ రాసి తెలియజేయండి. పాత ఏరియా పోస్టాఫీసులో కూడా కొత్త అడ్రసుకు మళ్ళించమని ఒక అర్జీ రాసివ్వండి. ఆ పని చేసేవాళ్ళు వందకు ఒక్కరు కూడా కనబడలేదు నాకు.

రిజిస్టర్ పోస్టు లేదు కదా ఇప్పుడు, అంటారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. నేను కౌంటర్లో మూడు దశాబ్దాలు చింపిచ్చిన ఆ రసీదు పుస్తకం పోయిందంటే మనసుకు ఏదోలా ఉంది. కానీ సౌకర్యం పోలేదు. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు మీదే ఒక్కో కవరుకు 5 రూపాయలు, జీఎస్టీ అదనం, కట్టి 'రిజిస్ట్రేషన్' అడగవచ్చు. అప్పుడు అది ఎవరి పేర ఉందో వాళ్ళకే, లేదా వాళ్ళు రాసిచ్చిన మనిషికే ఇస్తారు. అడగకపోతే ఉత్త స్పీడ్ పోస్టు, ఇంట్లో ఎవరున్నా ఇచ్చేస్తారు. నోటీసులు, దస్తావేజులు, సర్టిఫికెట్లు పంపేవాళ్ళు కౌంటర్లో నోరు తెరిచి అడగండి. ఆ ఐదు రూపాయల దగ్గర వెనకాడకండి.

కౌంటర్ అంటే గుర్తొచ్చింది. పార్సెల్ తెచ్చినవాళ్ళను "లోపల ఏముంది?" అని అడిగితే చాలామందికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది. దొంగసొత్తు అనుకుంటున్నారా అని ఎదురు అడిగేవాళ్ళు. కాదమ్మా. పేలేవి, మండేవి, కుళ్ళేవి, హాని చేసేవి, ఒర లేని కత్తులు, కరిచే జంతువులు తపాలాలో పంపకూడదని 1898 నాటి పాత చట్టంలోనే ఉండేది. మీ పార్సెల్ ఒక్కటే ఒక బండిలో పోదు. ఒకే సంచిలో మీదీ, ముక్కూమొహం తెలియని వందమందివీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి.

నాకు మరిచిపోలేని సంచి ఒకటుంది. మే నెల, ఆవకాయల కాలం. ఎవరో తల్లి, కొడుకు కోసం పంపింది. గాజు సీసా, మూతకు టేపు చుట్టి, పైన పాత చీర గుడ్డ, దాని మీద అట్టపెట్టె. ప్రేమకు లోటు లేదు, ప్యాకింగుకే లోటు. సీసా పగిలి నూనె అంతా సంచి అడుక్కి దిగింది. సంచి విప్పగానే గదంతా ఆవపిండి, వెల్లుల్లి వాసన. అడుగున ఒక బ్రౌన్ కవరు, మూల నుంచి మూలకు ఎర్రగా తడిసిపోయింది. కవరు అంచు విడిపోయి లోపలి కాగితం కనబడుతోంది. ఎవరిదో పదో తరగతి మార్కుల పత్రం, నూనెకు పారదర్శకంగా అయిపోయి, వెనక వైపు ముద్ర ముందుకు కనబడుతోంది. నేనూ ఇంకో అమ్మాయీ బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, పైన లెడ్జర్లు పేర్చి, సాయంత్రం దాకా నూనె పీల్పించాం. ఆ పిల్లవాడికి ఎలా పనికొచ్చిందో ఏమో. సీసా పగిలిన తల్లి బాధా బాధే, కానీ ఆ పత్రం ఇంకో తల్లి బిడ్డది.

ద్రవాలకు నియమం ఒక్కటే, తరతరాలుగా అదే. లోపలి డబ్బా కారకుండా గట్టిగా మూసి ఉండాలి. అది ఇంకో గట్టి పెట్టెలో ఉండాలి. రెండింటి మధ్య రంపపు పొట్టో దూదో, డబ్బా పగిలినా అందులోదంతా పీల్చుకునేటంత ఉండాలి. నేను చెప్పేదేమిటంటే, పచ్చడికి గాజు మానేయండి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన మందపాటి పాలిథిన్ కవర్లు రెండు వేసి, చుట్టూ పాత తువ్వాలు. ఊట మొత్తం ఊరి, నూనె పైకి తేలి కుదురుకున్నాకే పంపండి. కలిపిన మూడో రోజే పంపితే అది పెట్టెలో ఇంకా పొంగుతుంది.

డబ్బూ బంగారమూ మామూలు పార్సెల్లో పెట్టకండి. నోట్లు, నగలు ఇన్షూర్ చేసి, విలువ చెప్పి, లక్క సీళ్ళు వేయించి పంపాలి. ఇన్షూర్ లేని స్పీడ్ పోస్టు పోతే వచ్చేది, నేను ఉన్నన్నాళ్ళూ, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. ఒకామె మనవరాలి వెండి పట్టీలు చింతపండులో దాచి తెచ్చింది, తూకంలో తేడా చూసి పట్టుకున్నాను. తిట్టింది, తర్వాత ఇన్షూర్ చేయించుకుని వెళ్ళింది.

బతికున్న ప్రాణులను పంపవచ్చా అని మా మనవడు అడిగాడు. కొన్నింటికి అంతర్జాతీయ నియమాల్లో అనుమతి ఉందిరా అన్నాను. యూనివర్సల్ పోస్టల్ యూనియన్, 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మొదలైన సంఘం, దాని నియమాల్లో తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులు అని ఉంటుంది. ట్రైనింగులో ఆ మాట చదివినరోజు నాకు కళ్ళు చెమర్చాయి. మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. అర్ధరాత్రి లేచి మా అమ్మ మల్బరీ ఆకు వేస్తే, ఆ తట్టల నిండా సన్నగా వాన కురుస్తున్నట్టు చప్పుడు. పండిన పురుగుల్ని ఏరి, అవి గూడు కట్టే చంద్రికల్లో వేయడం పిల్లల పని. ఆ పురుగుకు దేశదేశాల తపాలా చట్టంలో చోటుందని అమ్మకు చెబితే, "అయితే దానికి మనకన్నా ఎక్కువ మర్యాద ఉందిలే" అంది.

ఇక చివరిది, ఎవరు విప్పవచ్చు అన్నది. ఇది ఎందుకంటే ఈ నగరంలో ఎంతోమందికి ఫోన్లు వస్తున్నాయి. మీ పేర పార్సెల్ పట్టుబడింది, అందులో మత్తుమందులున్నాయి, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, వీడియో కాల్‌లో కూర్చోండి, కదిలితే అరెస్టు అని. మా రెండో బ్లాకులో ఒక అమ్మాయి మూడు గంటలు గది తలుపేసుకుని కూర్చుంది. వాళ్ళ అత్తగారు తలుపు బాదకపోయి ఉంటే దాచుకున్నదంతా పోయేది. తపాలాలో ఉన్న వస్తువును ఆపాలన్నా విప్పాలన్నా, కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారే చేయాలి. సుంకం కట్టాల్సిన సరుకో నిషేధించిన సరుకో ఉందని అనుమానమొస్తే కస్టమ్స్‌కు అప్పగిస్తారు. అక్కడి నుంచి జరిగేదంతా కాగితం మీద జరుగుతుంది. డబ్బు ఫలానా ఖాతాకు పంపి తనిఖీ చేయించుకో అనే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు, వీడియోలో అరెస్టు అనేదీ లేదు. అలాంటి ఫోను వస్తే పెట్టేసి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి. కొత్త తపాలా చట్టం, 2023ది, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. 1898 చట్టం రద్దయింది. కొత్తదానిలో సెక్షన్ 9 దేశ భద్రత, ప్రజాశాంతి, అత్యవసర స్థితి, ఇంకే చట్టాన్ని అతిక్రమించినా సరే, అన్నిటికీ వస్తువును ఆపవచ్చు, విప్పవచ్చు అంటుంది. పాతదానిలోనూ ఆపే అధికారం ఉండేది, కానీ 'రాతపూర్వక ఉత్తర్వుతో' అన్న మాట ఉండేది. ఇంకోటి కూడా ఉండేది. తపాలా ఉద్యోగి తన విధికి విరుద్ధంగా ఒక ఉత్తరం విప్పితే రెండేళ్ళ దాకా జైలు, సెక్షన్ 53. దొంగిలిస్తే ఏడేళ్ళు, సెక్షన్ 52. కొత్త చట్టంలో ఆ నేరాల జాబితా లేదు. దొంగతనానికి మామూలు శిక్షాస్మృతి ఉంది కదా అంటారు, ఉంది. కానీ ఆ 53వ సెక్షన్‌ను మాకు మొదటి వారంలోనే చదివించారు. అంటుకోని కవరు చేతికొస్తే, లోపల ఏముందో కనబడకుండా బోర్లా తిప్పి, జిగురు రాసి, 'తెరిచి ఉండగా అందింది' అని రాసి, పక్కవాళ్ళ సంతకం కూడా తీసుకునేవాళ్ళం. పరాయి ఉత్తరం విప్పడం తపాలావాళ్ళకు ప్రత్యేకమైన నేరం అని చట్టమే చెప్పడం వేరు. ఆ వాక్యాన్ని మళ్ళీ చేర్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పోయిన శనివారం రాయచోటి అబ్బాయి మెట్లు దిగుతూ కనబడ్డాడు. చేతిలో ఇంటిమేషన్ చీటీ, ఇంకో చేతిలో ఆధార్ కార్డు. "ఏదో వచ్చిందంట పెద్దమ్మా, పోస్టాఫీసుకు పోతాండా" అన్నాడు. ఏమొచ్చిందో తెలుసా అని అడిగితే తెలీదన్నాడు. మధ్యాహ్నం దాటితే కౌంటర్ మూసేస్తారు, ముందు వెళ్ళిరా, తర్వాత కాఫీ తాగుదువుగానీ అన్నాను.